రెక్కల గుర్రానికి కాళ్ల పంచాయితీ

2004. ఆబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, రెండో అంతస్తులో, ఒకే ఒక గది నా స్టూడియో. ఒక కంప్యూటర్, ఒక స్కానర్, కొత్తగా కొన్న గ్రాఫిక్స్ టాబ్లెట్. అది పలక లాంటిది, దానిమీద పెన్నుతో గీస్తే గీత తెరమీద పడుతుంది. రోజంతా శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, షాపుల బోర్డులు. నాకు ఇష్టమైన పని మాత్రం కంప్యూటర్ మీద ఫాంటసీ బొమ్మలు వేయడం: గాలిలో తేలే కోటలు, నిప్పులు కక్కే పాములు. అవి అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు దొరికితే గొప్ప.

మా నాన్నది బేగం బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు. బందరు నుంచి వచ్చి తాతగారు పెట్టింది. గల్లా పెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని. వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో మెట్లు దిగనివ్వకూడదన్నది నాకు అక్షరాలకన్నా ముందు వచ్చిన విద్య. ఈ గుర్రం వ్యవహారంలో నన్ను ఇరికించింది కూడా అదే.

పెళ్లిళ్ల సీజన్‌కు నెలన్నర ముందు యాదగిరి గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. నాంపల్లి స్టేషన్ వెనక ఉంటూ పెళ్లికొడుకుల ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి ఇస్తారు. ఉన్నది ఒకటే గుర్రం. తెల్లది, ఆడది, పేరు చాందినీ.

"అందరు పూల కార్లు అంటున్నరు మేడం. పోయిన సీజన్ల నాలుగు పెండ్లిళ్లు గూడ రాలే. ఈసారి గూడ గట్లనే అయితే చాందినీని అమ్ముడే. పదకొండేండ్ల సంది సాదుకుంటున్న. జర మంచి బోర్డు వెయ్యిండ్రి. రెక్కలు వెట్టుండ్రి. కార్లకు రెక్కలుండయ్ గద."

రెక్కల గుర్రం అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన ఇంకా తటపటాయిస్తుంటే, మా నాన్న కొట్టులో చివరగా విసిరే మాటే నేనూ విసిరాను: "మీరు ఔ అనేదాకా దిద్దుతూనే ఉంటాను, సరేనా?" ఎవరూ బలవంతపెట్టలేదు. నేనే అన్నాను.

రెడీమేడ్ బొమ్మలుండే క్లిప్‌ఆర్ట్ సీడీలోంచి ఒక గుర్రాన్ని తీసుకున్నాను. ఈ పనిలో బొమ్మను లేయర్లుగా కడతాం. అవి ఒకదానిమీద ఒకటి పరిచిన గాజు పలకల్లాంటివి, ఒకదాన్ని చెరిపినా మిగతావి చెదరవు. అడుగున ఊదారంగు ఆకాశం, దానిమీద చంద్రుడు, ఆపైన గుర్రం, అన్నిటికన్నా పైన ఒక కొంగ ఫోటోలోంచి కోసి పెంచిన రెక్కలు. చివర్లో గ్లో, అంటే ఒక్క నొక్కుతో అంచుల చుట్టూ వచ్చే వెలుగు. గుర్రం ట్యూబ్‌లైటు మింగినట్టు మెరిసింది. నాకు తెగ నచ్చింది.

యాదగిరి గారు తెర ముందు కూర్చుని రెక్కల వైపు చూడనే లేదు.

"గీ కాళ్లేంది?"

"ఎగురుతోంది కదండీ."

"ముందు ఎడమది, ఎనక ఎడమది ఒక్కపారే లేపింది. గిట్ల అడుగేస్తే పెండ్లికొడుకు కింద వడ్తడు. ముందు ఎడమది లేస్తే ఎనక కుడిది లెవ్వాలె."

"ఇది ఊహండీ, ఫాంటసీ! రెక్కల గుర్రాన్ని ఎవరు చూశారు చెప్పండి?"

"రెక్కలను ఎవ్వరు చూడలే మేడం. గుర్రాన్ని అందరు చూసిన్రు."

వాదన చెల్లనప్పుడు బేరానికి దిగడం మా ఇంటి అలవాటు. ఆయన కాలికొకటి చొప్పున నాలుగు తప్పులు చెప్పారు. రెండు దిద్దుతానని, రెండు వదిలేయమని అన్నాను.

"గుర్రానికి నాలుగు కాళ్లు. రెండు దిద్ది రెండు ఇడిస్తే అది కుంటిదే."

కాళ్లు దిద్దాను. మళ్లీ వచ్చి రెక్కలు తప్పన్నారు. భుజం మీద పెట్టానట, కాలు లేపినప్పుడల్లా ఎముక జరిగి రెక్కకు రాసుకుంటుందట, పెళ్లికొడుకు మోకాలికి చోటే లేదట. జరిపాను. మళ్లీ వచ్చి, తెలుపు తెలుపులా లేదన్నారు. "గిది గుర్రమా, సున్నమేసిన గోడనా?" అయిదోసారి నాకు ఒళ్లు మండింది.

"మీకు బోర్డు కావాలా, నాకు పాఠాలు చెప్పాలా?"

ఆయన గొంతు పెంచలేదు. "పెండ్లి పెద్దలు గుర్రం దగ్గరికొస్తే మొదలు కాళ్లు చూస్తరు. బోర్డు మీదనే కుంటిది కనవడితే ఇంట్లున్నదాన్ని చూడనీకి ఎవరొస్తరు? గది గాదు గని, నువ్వెప్పుడన్న గుర్రాన్ని ముట్టినవా బిడ్డా?"

ముట్టలేదు.

మర్నాడు పదకొండింటికి సందంతా హారన్లు. కిందినుంచి జిరాక్స్ షాపాయన అరుపు: "మేడం, మీ గిరాకీ వచ్చింది, నాలుగు కాళ్లతోని!" కిటికీలోంచి చూస్తే చాందినీ. దానికి అటు నాలుగు స్కూటర్లు, ఇటు ఒక ఆటో ఇరుక్కుని ఉన్నాయి. తలెత్తుకోలేక తలదించుకుని దిగాను.

యాదగిరి గారు నా చెయ్యి పట్టుకుని దాని భుజం మీద పెట్టి, కాలు మీద మెల్లగా తట్టారు. చాందినీ కాలు లేపింది. నా అరచేతి కింద ఒక పెద్ద ఎముక వెనక్కి జారి, మళ్లీ తన చోటికి వచ్చింది. రెక్క ఎక్కడ ఉండకూడదో అప్పుడు చేతికి తెలిసింది.

అప్పుడే ఇంకోటి కూడా చూశాను. తెల్లగుర్రం మీద తెలుపు ఎక్కడా లేదు. కడుపు కింద ఆటో పసుపు, వీపు మీద ఆకాశపు నీలం, మెడ కింద బూడిదరంగు, మూతి దగ్గర గులాబీ. అచ్చమైన తెలుపు నుదుటి మీద, నడుము మీద మాత్రమే, అదీ ఎండ తగిలిన చోట. పక్కనున్న వస్తువు రంగు ఇలా వచ్చి పడటాన్ని మా పనిలో బౌన్స్ లైట్ అంటాం. నేనూ పదిమందికి చెప్పిన మాటే. అది ఆటో వెలుగు కూడా కావచ్చని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

సీడీ గుర్రాన్ని పారేశాను. మొదట రంగుల జోలికి పోకుండా బూడిదరంగులో వెలుగునీడలు మాత్రం వేసుకుని, ఆపైన వేరే లేయర్‌లో పలచగా రంగులు కప్పాను. గ్లో తీసేశాను. దానికి బదులు చుట్టూ ఆకాశాన్ని ముదురు చేసి, తెల్లటి బ్రష్‌ను నుదుటికీ రెక్కల అంచుకూ మాత్రం తాకించాను. ఈసారి గుర్రం నిజంగా వెలిగింది.

యాదగిరి గారు తెరమీద ఒక్కో కాలినీ వేలితో తడిమి చూశారు. "నడుస్తది తియ్," అన్నారు. సీజన్ నెత్తిమీదికి వచ్చింది కనుక బోర్డు పట్టుకుపోయారు. అంత చాకిరీకి ఒక 'నడుస్తది'!

పదిహేను రోజులకు మెట్ల మీదే ఆయన గొంతు వినిపించింది.

"నీ బోర్డు నా కొంప ముంచింది బిడ్డా!"

కుర్చీలోంచి లేచాను. "ఎవరూ రాలేదా?"

"ఎందుకు రాలే? ఏడు పెండ్లిళ్లు వచ్చినయ్. అందరు గా రెక్కలే కావాలంటున్నరు! ఏడికెల్లి తేవాలె నేను?"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వకు. నేనింక ఔ అనలే. నీ మాట నీకు యాదుందా?"

ఉంది. అందుకే ఆదివారం పొద్దున నాంపల్లిలో, ఆయన రేకుల షెడ్డులో, థర్మకోల్, వెదురు పుల్లలు, తెల్లని నెట్ గుడ్డతో చేసిన రెండు రెక్కలు పట్టుకుని నేను నిలబడవలసి వచ్చింది. ఎక్కడ కట్టాలని నేను అడగలేదు. భుజం ఎముక తడిమి, దాని వెనక ఒక బెత్తెడు వదిలి, మోకాలికి చోటు చూసి, పట్టీ బిగించాను.

యాదగిరి గారు కళ్లెం పట్టుకుని నడిపించారు. ముందు ఎడమది, వెనక కుడిది. రెక్కలు ఊగాయి, ఎక్కడా రాసుకోలేదు. ఆయన చాందినీ చుట్టూ రెండుసార్లు తిరిగారు. వంగి చూశారు. పట్టీ కింద వేలు పెట్టి చూశారు.

"ఔ," అన్నారు.

ఇప్పుడు నా దగ్గర ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు డ్రాగన్ పొలుసులకు ఏ బ్రష్ వాడాలని అడుగుతారు. ముందు వెళ్లి ఒక తొండను దగ్గర నుంచి చూసి రమ్మంటాను. లేనిదాన్ని నమ్మించాలంటే ఉన్నదాన్ని సరిగ్గా వేయాలి, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ, నేను విసుక్కున్నదాంట్లో అది పదో వంతు కూడా కాదు.

ఇక 'మీరు ఔ అనేదాకా' అన్న మాట మాత్రం ఆ తర్వాత ఏ గిరాకీ దగ్గరా నా నోట రాలేదు.