గడియ లేని గుడారం

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. యాభై దాటాక, చర్చి వరండాలో, నా కూతురి వయసున్న టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. మొన్న ఏలూరు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. తను ఇప్పుడు నర్సింగ్ చదివే పిల్లలకి పాఠాలు చెబుతోంది. యుద్ధం జరిగేచోటికి మిమ్మల్ని ఎవరు పంపారు మేడమ్ అని వాళ్ళు అడిగితే, "మా పిన్ని" అని చెప్పిందట. ఆ మాట పూర్తిగా నిజం కాదు. నేను ఆపాలనే చూశాను.

ఇరాక్‌లో యుద్ధం మొదలైన ఏడాది వేసవి అది. అక్క పోయాక ఆ పిల్ల మండవల్లిలో మా ఇంట్లోనే పెరిగింది. ఏలూరు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నదల్లా ఒక ఆదివారం వచ్చి, అక్కడ దెబ్బలు తిన్నవాళ్ళకి వైద్యసేవ చేయడానికి ఒకావిడ కొందరిని తీసుకెళుతోంది, నేనూ వెళతానంది. సేవ అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. అంతకు కొన్నేళ్ళ ముందు నన్ను కువైట్‌కి ఇంటిపనికి పంపిన ఏజెంటు కూడా తీయగానే మాట్లాడాడు, ప్రార్థన చేసి మరీ విమానం ఎక్కించాడు. అక్కడ నా పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో ఉండేది, నేను రాత్రిపూట బయట గడియ పెట్టిన గదిలో ఉండేదాన్ని.

"ఆవిడ ఏజెంటు కాదు పిన్నీ, తాడేపల్లిగూడెంలో డాక్టరు" అంది పిల్ల.

"ఏజెంట్లు మెడలో బోర్డు కట్టుకుని తిరుగుతారేంటే? భోజనానికి రమ్మను, చూస్తాను" అన్నాను.

డాక్టరమ్మగారు తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వచ్చి, చేపల చెరువు గట్టు మీద నడుచుకుంటూ మా ఇంటికి చేరారు. కారు లేని డాక్టరేమిటన్నది నా మొదటి అనుమానం. కొరమేను పులుసు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. సేవ చేసేవాళ్ళకి ఇంత ఆకలా అనుకున్నాను. చెరువుల వాసనకి ముక్కు మూసుకోకపోవడం కూడా నటనలాగే తోచింది. నేను ఒక్కొక్కటే అడుగుతుంటే మా ఆయన మజ్జిగ పోస్తూ, "ఏమనుకోకండి, మా ఆవిడ పోలీసుల్లో చేరాల్సిందండి" అన్నారు.

పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందంటే అమ్మాయి దగ్గరే అన్నారు. జీతం ఎంతంటే లేదన్నారు. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "పడుకునే గదికి గడియ లోపలుంటుందా, బయటుంటుందా అండీ?"

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, నేనెక్కడ పనిచేసి వచ్చానో గ్రహించినట్టు, మెల్లగా అన్నారు. "గుడారాలండి. గడియ లోపలా ఉండదు, బయటా ఉండదు. బాంబులు పడొచ్చు. పోయినసారి మాతో వచ్చిన కంపౌండరుగారు తిరిగి రాలేదండి. మీకు ఇష్టం లేకపోతే అమ్మాయిని తీసుకెళ్ళను."

ఏ ఏజెంటూ ఇలా మాట్లాడడు. అంతవరకూ మోసమేమోనని భయపడినదాన్ని, ఆ క్షణం నుంచి మోసమైతే బాగుండునని కోరుకున్నాను. మోసమైతే చీపురు తీసుకుని తరిమేదాన్ని. నిజాన్ని ఏం పెట్టి తరమను? ఆవిడ వెళుతూ, అక్కడ నీళ్ళు తక్కువ, జుట్టు పొట్టిగా ఉంటే మంచిదని మాత్రం చెప్పారు.

ఆ సాయంత్రం పిల్ల గిన్నెలు తోముతూ, తలెత్తకుండా అడిగింది. "కువైట్‌లో నీ కాలిన చెయ్యి చూసి, ఆ ఇంటి నుంచి నిన్ను బయటికి తెచ్చిన మలయాళీ నర్సు మనకేమవుతుంది పిన్నీ?"

"ఏమీ కాదు" అన్నాను.

"మరి?"

కోపమొచ్చి, తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమాను.

మర్నాడు పొద్దున్నే పిల్లని పెరట్లో పీట మీద కూర్చోబెట్టాను. నడుము దాటిన జడ విప్పి, నూనె రాసి, చిక్కు తీసి, కత్తెరతో చెవుల దాకా నేనే కత్తిరించాను. పిల్ల వెళ్ళాక, క్యాలెండరు చదవడం రాని నేను, ఈపాటికి మెడ మీదికి వచ్చి ఉంటుంది, ఈపాటికి భుజం తాకి ఉంటుంది అనుకుంటూ, చూడని ఆ జుట్టుతోనే కాలాన్ని కొలుచుకుంటూ ఉండిపోయాను.