‘బొమ్మలు, జాగ్రత్త’ అని రాసిన పెట్టె కోసం రుసైల్‌కి

మస్కట్‌లో ఉంటూ గోదాములో సామాను దాచుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మత్రాలో నాది స్టేషనరీ కొట్టు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న ఏడున్నరకి, షట్టర్ ఇంకా సగమే ఎత్తాను, ఘుబ్రాలో ఒక ఆసుపత్రి నుంచి నర్సు రత్నకుమారి ఫోన్ చేసింది. అమలాపురం వైపు అమ్మాయి.

“మూర్తన్నయ్యా, మీ హేమిష్ గారు తెల్లారినకాణ్ణుంచీ ఒకటే పోరండి. నా పెట్టె, నా పెట్టె అంటన్నారు. సాయంత్రం ఫ్లైటుకి కూతురొస్తందంట. ఆయనకి ఎక్కువ టైమ్ లేదండి, తెచ్చేయండి.”

హేమిష్ గారిది స్కాట్లాండ్. పదేళ్లుగా నా దగ్గరే నల్ల సిరా, పాళీలు కొనేవారు. కుర్రతనం నుంచీ అక్కడి పిల్లల వారపత్రికలకి బొమ్మల కథలు గీశారట. యుద్ధాలు, ఓడలు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు, వారానికి ఆరు పేజీల చొప్పున ముప్ఫై ఏళ్లు. గీసినవాడి పేరు వెయ్యకపోవడం ఆ పత్రికల పద్ధతి. అచ్చయ్యాక అసలు కాగితాలు వాళ్లే తగలబెట్టేవారు. ఆ పత్రికలు మూతపడ్డాక ఇక్కడికొచ్చి బడిలో డ్రాయింగ్ చెప్పారు. కూతురితో ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఆయన దగ్గర మిగిలింది ఒకే ఒక్క కథ, నలభై రెండు పేజీలు. తుఫానులో పడవ పోగొట్టుకున్న జాలరి కథ. “నా కూతురి చిన్నతనమంతా నేను గది తలుపేసుకుని ఏం చేశానో చూపించడానికి నాకు ఇవే ఉన్నాయి” అనేవారు.

ఆసుపత్రిలో చేరేముందు ఫ్లాట్ ఖాళీ చేసి ఆ కాగితాలు నాకప్పగించారు. వాటిని అట్టపెట్టెలో పెట్టి, మేం నలుగురు దుకాణదారులం కలిసి రుసైల్‌లో తీసుకున్న గోదాముకి పంపాను.

మత్రా నుంచి రూవీకి షేర్ టాక్సీలో మూడు వందల బైసాలు తీసుకున్నాడు. రూవీలో ఎర్ర బస్సెక్కి బుర్జ్ అల్ సహ్వా దగ్గర దిగాను, అర రియాల్, గంటకు పైనే పట్టింది. అక్కడ నుంచి రుసైల్‌కి బేరమాడి రెండు రియాళ్లకి టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవరు పెద్దాయన, ఒమానీ, హిందీ బాగానే వచ్చు.

“సదీఖ్, దోస్త్, ఇంత జల్దీ ఏంటి? సోనా తేవాలా?”

“నహీ బాబా, కాగజ్.”

“కాగజ్ కోసం ఇంత పరుగా!” అని దారంతా నవ్వాడు.

పదిన్నరకి గోదాము చేరాను. చూసుకునేది లింబాద్రి, ఆర్మూరు దగ్గరి మనిషి. నన్ను చూడగానే స్టవ్ మీద చాయ్ పెట్టాడు.

“లింబాద్రీ, నేను పంపిన అట్టపెట్టె ఏదీ? పైన తెలుగులో రాసుంటుంది.”

“బొమ్మలు, జాగ్రత్త అని ఉన్నదే గదా సేటు? గా దాంట్ల బొమ్మలే లెవ్వు! ఇప్పి సూస్తే ఉత్త కాయితాలు. బొమ్మలు ఎవడో గుంజుకపోయిండు, సుట్టిన కాయితాలు మిగిలినయ్ అనుకున్న. నా మీదికి వస్తదని బుగులుతోని నీకు జెప్పలే.”

మా నలుగురిలో ఒకాయనది ఆటబొమ్మల వ్యాపారం. లింబాద్రికి రోజూ బొమ్మలంటే అవే. చదువుకుంటాడు కదా అని తెలుగులో రాసింది నేనే.

“ఆ కాగితాలేం చేశావ్?”

“పింగాణి కప్పులకు సుట్టిన. మస్తు గట్టిగున్నయ్. పోయిన వారం సలాలా బండికెక్కినయ్.”

“వాటి మీద గీసింది చూళ్లేదా?”

“సూసిన. ఎవని పేరన్న ఉంటే ఆపకపోదునా సేటు?”

సలాలాలో ఆ కప్పులు తెప్పించుకున్న కొట్టుకి ఫోన్ చేశాను. కప్పులన్నీ బాగానే చేరాయట, చుట్టిన కాగితాలు చెత్తలో పడేశారట. లింబాద్రి రూమ్‌లోకి వెళ్లి మూడు పేజీలు తెచ్చాడు. అట్టలా ఉన్నాయని చాయ్ గిన్నె కింద పరుచుకున్నాడట. ఒకదాని మీద గుండ్రంగా మచ్చ. “తిట్టు సేటు, ఊకె నిలవడకు” అన్నాడు. పెట్టె మీద రాసింది నేనే కదా, ఆ మూడు పేజీలూ తీసుకుని బయల్దేరాను.

రుసైల్ నుంచి ఘుబ్రాకి నేరుగా టాక్సీలో వచ్చాను, నాలుగు రియాళ్లు. జరిగింది జరిగినట్టు చెప్పాను. హేమిష్ గారు ఆ మూడు పేజీలూ దుప్పటి మీద పరుచుకుని, “కప్పులు పగల్లేదు కదా మూర్తీ?” అన్నారు.

ఆరింటికి కూతురు ఫియోనా వచ్చింది. భుజం మీద సంచీ దించకుండానే ఆ మూడు పేజీలూ అందుకుంది. ఏడు, పందొమ్మిది, ముప్ఫై ఒకటి. రెండుసార్లు చదివింది.

“ఏడుకీ పందొమ్మిదికీ మధ్య ఏమైంది?” అనడిగింది.

ఆయన వేలితో గాలిలో గళ్లు గీసుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. ఏ గడిలో అల ఎంత ఎత్తు, ఎవరి నీడ ఎటు పడింది, అన్నీ. ఏడున్నరకి రత్నకుమారి వచ్చి, “చూసేవాళ్లకి టైమ్ అయిపోయిందండి” అంది. “పదకొండో పేజీకొచ్చాం. మిగతాది రేపు” అన్నారాయన.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మార్చేశారు. ఫియోనా వరండాలో కూర్చుంది. క్షమించమన్నాను. “పద్నాలుగులో ఆగిపోయాం” అంది. “ముప్ఫై ఒకటిలో కూడా ఆ జాలరి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. చివరికి పడవ దొరుకుతుందా?” అని నన్నడిగింది. పదేళ్లు ఆయనకి సిరా అమ్మాను. ఆ నలభై రెండు పేజీలూ సర్ది, టేపు వేసింది నేనే. ఒక్కటీ చదవలేదు. తెలియదని చెప్పాను.

గోదాములో పెట్టె పెట్టేవాళ్లు లోపల ఏముందో రాయకపోయినా ఫర్వాలేదు. ఎవరిదో మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి, పక్కన ఫోన్ నంబరు వెయ్యండి.