ఎనిమిది రోజుల తేడా

తేదీల విషయంలో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, ఎవరు ఏ రోజున ఏ బండెక్కారో నాకు గుర్తుంటుంది. గుర్తులేనివి డైరీలో ఉంటాయి. బంధువులు తద్దినాల తిథులు మరిచిపోతే నాకే కబురు చేస్తారు. అలాంటిదాన్ని ఒక్క తేదీ తప్పు రాశాను. తెలిసే రాశాను.

1975లో మేము దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉండేవాళ్ళం. చమురు ధర పెరిగి ఊరంతా తవ్వి పోస్తున్న కాలం. ఏ వీధిలో చూసినా సిమెంటు లారీలే. మా వారు ఒక ఫ్రెంచి కంపెనీలో స్టోర్ కీపరు. మాది యానాం. ఫ్రెంచివాళ్ళ పాలనలోనే పుట్టి వాళ్ళ బడిలోనే చదువుకున్నాం. ఆయన పద్దెనిమిదో ఏట పాండిచ్చేరి వెళ్ళి ఫ్రెంచి సైన్యంలో చేరారు. 1954 జూన్‌లో మా ఊళ్ళో ఫ్రెంచి పాలన పోయినప్పుడు, ఆయన ఇంకా ఆ జెండా కిందే సైగాన్‌లో ఉన్నారు. అక్కడి యుద్ధం ముగిశాక సెలవు మీద వచ్చి నన్ను పెళ్ళి చేసుకున్నారు. మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి అల్జీరియాకు. అక్కడ రెండేళ్ళకు పైగా ఉన్నారు. నాకు అరవై మూడు ఉత్తరాలు రాశారు. అన్నిటికీ నంబర్లు వేసి రేకు పెట్టెలో దాచాను. ఆ పెట్టె దోహాకు కూడా నాతోనే వచ్చింది.

మా ఇంటికీ పక్క వాటాకీ ఒకటే పెరడు. ఆ వాటాలోకి అల్జీరియా నుంచి ఒక జంట దిగారు. భర్త బళ్ళో లెక్కల మాస్టారు. ఆమె నాకన్నా ఏడేళ్ళు చిన్నది. మొదటి రోజు బట్టలు ఆరేస్తూ అరబ్బీలో ఏదో అడిగింది. నాకు అరబ్బీ రాదు. ఫ్రెంచిలో జవాబు చెప్పాను. చీర కట్టుకున్న మనిషి నోట ఫ్రెంచి విని, చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని ఆమె పడీపడీ నవ్వింది. ఆ మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి మా వంటింట్లో ఉండేది. 'అక్కా' అనే మాట నేర్చుకుంది. మా ఇద్దరినీ ఏలినవాళ్ళ భాషలో మేము వంకాయ కూర గురించి పోట్లాడుకునేవాళ్ళం.

"ఇంత చింతపండా అక్కా? మీ ఆయనకి పళ్ళు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. లేకపోతే నీ రొట్టె ఎలా నములుతారనుకున్నావు?"

కొన్ని శుక్రవారాలు రెండు కుటుంబాలూ కలిసి అల్ వక్రా వెళ్ళి చేపలు కొనుక్కొచ్చేవాళ్ళం. అలా వెళ్ళొచ్చిన ఒక రోజు ఆమె అంది: "నీది బడి ఫ్రెంచి అక్కా. ఆయనది సిపాయిల బారకాసుల ఫ్రెంచి. ఎక్కడ నేర్చుకున్నారు?"

"సైగాన్‌లో. యాభై ఒకటి నుంచి యాభై నాలుగు దాకా సైన్యంలో ఉన్నారు. తరవాత మానేసి వచ్చేశారు" అన్నాను.

కాస్త కూడా తడుముకోలేదు. తేదీలతో చెప్పాను గనక ఆమె నమ్మింది.

1976 వేసవిలో ఆమెకు తల్లి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని నా వంటింటి బల్ల మీద పెట్టి, అన్న సంగతి మొదటిసారి చెప్పింది. 1957లో సైనికులు వాళ్ళ కొండ ఊరి నుంచి కొందరిని పట్టుకెళ్ళారు. వాళ్ళలో ఆమె అన్న ఉన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. స్నేహితుడి పెళ్ళిలో పెట్టించుకున్న గోరింటాకు చేతులకు ఇంకా పోలేదు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

1962 జూలై ఒకటిన వాళ్ళ తల్లి ఓటు వేయడానికి కొండ దిగి నడిచి వెళ్ళిందట. స్వాతంత్ర్యం 'కావాలి', 'వద్దు' అని రెండు కాగితాలు ఇచ్చారట. 'కావాలి' అన్నది పెట్టెలో వేసి, 'వద్దు' అన్నది ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టిందట. కొత్త ప్రభుత్వం వచ్చింది. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాసుకునే ఆఫీసు తెరిచారు. అన్న పేరు రాయమని తల్లి వెళితే, చనిపోయిన తేదీ ఏదన్నారు. రెండుసార్లు దరఖాస్తు వెనక్కి వచ్చింది.

"తేదీ లేదని మా అన్న ఇంకా చచ్చిపోలేదు అక్కా. మా దేశం పుట్టి పద్నాలుగేళ్ళయింది, వాడు మాత్రం కాగితాల్లో ఇంకా పెళ్ళికి వెళ్ళినవాడే" అంది.

ఊరి పేరు అడిగాను. చెప్పింది.

ఆమె వెళ్ళాక రేకు పెట్టె తీశాను. నలభై ఒకటో ఉత్తరం. సైన్యంలో ఉత్తరాలు విప్పి చూసేవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి ఆయన అన్నీ రాసేవారు. పైన తేదీ, గురువారం, అదే ఊరి పేరు. 'నిన్న ఏడుగురిని పట్టుకొచ్చారు. కాపలా నాది. ఒకడి అరచేతుల నిండా గోరింటాకు. పెళ్ళికొడుకువా అంటే, కాదు, నా స్నేహితుడిది పెళ్ళి అన్నాడు. నీళ్ళు ఇచ్చాను. ఇవాళ పొద్దున ఏడుగురినీ వాగు వైపు తీసుకెళ్ళారు. తుపాకుల చప్పుడు వినబడింది. సైనికులే తిరిగొచ్చారు.'

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. ఉత్తరం చేతికిచ్చి సంగతంతా చెప్పాను. ఆయన ఉత్తరం విప్పలేదు.

"ఆ గోరింటాకు కుర్రోడు ఈవిడ అన్నా?" అన్నారు. కంచం జరిపి లేచారు. "నేనే వెళ్ళి చెబుతాను."

"ఏం చెబుతారు? తుపాకీ పట్టుకుని గుమ్మంలో నించున్నది నేనే అని చెబుతారా?"

"నించున్నానుగా."

"ఇది అరబ్బుల దేశమండీ. ఇక్కడివాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? పిల్లల చదువు మాటేంటి?"

ఆయన మళ్ళీ కూర్చున్నారు. "పోనీ, నా సంగతి వద్దులే. తేదీ ఒక్కటన్నా వాళ్ళమ్మకి చేరేలా చూడవే. తేదీల్లో నీ అంత గట్టిది ఎవరున్నారు? ఎలాగోలా చేర్చు."

"చేరుస్తాను" అన్నాను.

ఉద్యోగం మాట వంక. మా వారి ఉద్యోగం గురించి నాకు నిజంగా భయం లేదు. పదకొండింటికి ఆ తలుపు తెరుచుకోదేమోనని భయం. ఆ దేశంలో నాకున్న మనిషి ఆమె ఒక్కతే.

వారం తిరక్కుండా ఆమె దరఖాస్తు కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "నువ్వు లెక్క కట్టి చెప్పు. అన్నని పట్టుకెళ్ళిన రోజు అమ్మకి గుర్తున్నది ఇంతే: ప్రవక్త పుట్టినరోజు, మిలాద్ పండగ తరవాతి వారం, బుధవారం."

మాకు ఇలాంటి చిక్కు వస్తే దారి ఉందని, తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెడతామని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా ఆ కాగితం నా ముందు నుంచి పోవాలని.

"మా ఆఫీసువాడు అమావాస్యకి ఒప్పుకోడు అక్కా" అని నవ్వింది.

చంద్రమానం నాకు కొట్టిన పిండి. వెనక్కి లెక్క కడుతూ 1957లో మిలాద్ ఏ రోజు వచ్చిందో పట్టుకున్నాను. తరవాతి వారం బుధవారం తేలింది. నలభై ఒకటో ఉత్తరం మీది తేదీకి ఎనిమిది రోజుల ముందు. తల్లి ఒక వారం మరిచిపోయింది, పట్టుకెళ్ళిన రోజునే చావు రోజు అనుకుంది.

"మీ అమ్మకి ఒక వారం అటూ ఇటూ అయ్యుండొచ్చు కదా? మరుసటి వారం గురువారం కావచ్చేమో" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "గురువారం ఎందుకు?"

ఆమె అనుమానంతో అడగలేదు. ఊరికే అడిగింది. నా దగ్గర చెప్పడానికి ఒకటే జవాబు ఉంది.

"ఏం లేదు. ఊరికే అన్నాను."

"అయితే బుధవారమే రాయి. నీ చేత్తో రాయి, నీ అంకెలు గుండ్రంగా ఉంటాయి."

రాశాను. రోజు, నెల, సంవత్సరం. మొదటి గడిలో ఉన్నది అబద్ధం. ఆ సాయంత్రం ఆయన అడిగితే, కాగితం పంపించేసిందని మాత్రం చెప్పాను. అది నిజమే.

1977లో మాస్టారి కాంట్రాక్టు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. తరవాత రెండేళ్ళకి మేమూ యానాం వచ్చేశాం. 1981లో ఆమె ఉత్తరం వచ్చింది. ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారట. ఊళ్ళో అన్న పేరున రాయి నిలబెట్టారట. తల్లికి చదువు రాకపోయినా దాని మీది అంకెలను వేలితో తడుముతూ కూర్చుంటుందట. 'అక్కా, అవి నీ అంకెలే' అని రాసింది. కింద ఆ తేదీ కూడా వేసింది.

మా వారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. వరండాలో కట్టుతో పడుకుని ఉన్నారు.

"ఎవరి దగ్గర్నుంచే?"

చెప్పాను.

"చదువు."

మొదటి నుంచి చదివాను. రాయి దాకా వచ్చి ఆగాను.

"తేదీ సరిగ్గానే చెక్కారా?" అన్నారు.

కాగితం మీద బుధవారం తేదీ ఉంది. నలభై ఒకటో ఉత్తరం మీది తేదీ చదివాను.

"ఇంకోసారి చదవవే" అన్నారు. ఇంకోసారి కూడా అలాగే చదివాను.