నేను రనౌట్ చేసిన కెప్టెన్

ఆడపిల్ల క్రికెట్ ఆడుతుందని చెబితే, "పాపం, ఇంట్లో అన్నదమ్ములు లేరా?" అని జాలిపడే కాలం ఒకటుండేది. ఇప్పుడు కిట్‌బ్యాగు భుజాన వేసుకుని అమీర్‌పేట మెట్రో మెట్లెక్కే అమ్మాయిల్ని చూసి ఎవరూ తల కూడా తిప్పరు గాని, మేం స్కూల్లో చదివే రోజుల్లో అలాంటి బ్యాగుతో ఒక పిల్ల షేర్ ఆటో ఎక్కితే, లోపలున్న పెద్దాయన "ఏముందమ్మా అందులో, వీణా?" అని అడిగాడు. (అతిశయోక్తి కాదు. పక్క సీట్లో నేనే ఉన్నాను. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "అవును తాతా" అంది.) ఆ పిల్లే తరవాత భారత మహిళల జట్టుకు కెప్టెన్ అయింది. ఆమెను ఔట్ చెయ్యడానికి ఎన్నో దేశాల బౌలర్లు ఏళ్ళ తరబడి నానా తంటాలూ పడ్డారు. నేను మాత్రం పదిహేనేళ్ళ వయసులో, ఆమె జట్టులోనే ఉండి, ఒక్క బంతితో ఆ పని పూర్తి చేశాను. అదెలా జరిగిందో నిదానంగా చెబుతాను. ఇన్నేళ్ళయింది కాబట్టి ఇప్పుడు చెప్పినా ఎవరూ కొట్టరు.

మా నాన్నగారికి బదిలీ అయి, మేం తెనాలి నుంచి మధురానగర్ వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. కొత్త స్కూలు యూనిఫాం కుట్టించుకోవడానికి అమ్మ నన్ను అమీర్‌పేటలో ఒక లేడీస్ టైలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, మాట మాత్రం మెత్తన. ఆయన నలుగురు ఆడపిల్లల్లో చివరిదాన్ని ఇంటిల్లిపాదీ 'చోటీ' అని పిలిచేవారు. పేరుకే చోటీ, దుకాణం గుమ్మంలోంచి రావాలంటే తల వంచాల్సిందే. నా కొలతలు తీస్తుంటే ఆ పిల్ల స్టూలు మీద కూచుని హుక్కులు కుడుతూ నన్ను ఎగాదిగా చూసింది. అమ్మ పక్క దుకాణంలో లేసు బేరమాడటానికి వెళ్ళగానే మొదలుపెట్టింది.

"కొత్తపిల్లా, ఆదివారం ఏం చేస్తవ్?"

"హోంవర్కు చేసుకుంటాను."

"గది పొద్దుగాల్నే చేసుకో. మా టీములో పదిమందే ఉన్నరు. జర వచ్చి నిలబడు."

"నాకు క్రికెట్ రాదండీ."

"వస్తదా అని నేనడిగిన్నా? నిలబడుడు వస్తది కదా?"

నిలబడటం నాకు వచ్చు. పైగా ఆ ఊళ్ళో నన్ను ఒకరు పనిగట్టుకుని రమ్మని అడగడం అదే మొదలు. సరేనన్నాను. ఇంట్లో మాత్రం లెక్కల స్పెషల్ క్లాసని చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం తెల్ల పంజాబీ డ్రెస్సు వేసుకుని బయల్దేరుతుంటే, "లెక్కల క్లాసుకి తెల్లబట్టలేంటే?" అని అమ్మ అడిగింది. "ఇవాళ టెస్టమ్మా" అన్నాను. ఆ వయసులో అబద్ధాలు ఎంత సునాయాసంగా వచ్చేవో తలుచుకుంటే ఇప్పుడు అసూయగా ఉంటుంది.

మ్యాచ్ పంజగుట్ట వైపు ఒక స్కూలు గ్రౌండులో. ప్రేక్షకులు మాకంటే ముందే వచ్చి మేస్తున్న రెండు మేకలు, అవతలి జట్టు పిల్ల తాలూకు బామ్మగారు ఒకావిడ, ఇంకా చెట్టుకింద ప్లాస్టిక్ కుర్చీలో నల్లగొడుగు వేసుకున్న ఒక మేడం. మా కోచ్ సార్ మమ్మల్నందర్నీ దగ్గరికి పిలిచి, ఆ గొడుగు మేడం పెద్ద జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసే మనిషని, చోటీ బ్యాటింగ్ చూడటానికే వచ్చిందని గుసగుసగా చెప్పాడు. "ఇయ్యాల చోటీ ఆడాలె, మిగతావాళ్ళు సహకరించాలె. సమజైందా?" అన్నాడు. ఆ రెండో ముక్క అన్నప్పుడు ఆయన నా వంకే చూశాడు. (మనుషుల్ని అంచనా వెయ్యడంలో ఆయన దిట్ట అని తరవాత అర్థమైంది.)

ఆట మొదటి సగంలో నేను బౌండరీ దగ్గర నిలబడ్డాను. బంతి ఒకే ఒక్కసారి నా వైపొస్తే, మర్యాదగా పక్కకు తప్పుకుని దానికి దారిచ్చాను. తరవాత మా వంతు. చోటీ మొదట్లోనే వెళ్ళి ఆడటం మొదలుపెట్టింది. ఆట తెలియని నాకు కూడా ఒక విషయం అర్థమైంది: మిగతా పిల్లలు బంతి వచ్చాక ఏం చెయ్యాలా అని కంగారుపడుతుంటే, ఈ పిల్ల బంతికంటే ముందే అక్కడికి చేరి దానికోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఇవతల మావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ప్యాడ్లు విప్పేస్తున్నారు. చివరికి ఆ ప్యాడ్లు నా కాళ్ళకొచ్చాయి. అవి మోకాళ్ళు దాటి తొడల దాకా వస్తే, నేను రెండు తలుపులు మోసుకెళుతున్నదానిలా మైదానంలోకి నడిచాను. గెలవడానికి ఇంకా తొమ్మిది పరుగులు కావాలి. నేను ఔటైతే కథ ముగిసినట్టే.

చోటీ ఎదురొచ్చింది. ముఖం చెమటలు కారుతోంది గాని, గొంతులో తొందర లేదు. "నువ్వేం చెయ్యకు. బ్యాటు కింద ఆనిచ్చి పెట్టు. నేను ఉరుకుమంటే ఉరుకు, లేకుంటే లేదు. ఫికర్ చెయ్యకు, నేనున్న కదా" అంది. ఆ తరవాత రెండు ఓవర్లు ఎలా నెట్టుకొచ్చిందో గాని, ఓవర్ చివర సరిగ్గా ఒక్క పరుగు తీసి అటు వెళ్ళి, నా దాకా బంతి రాకుండా చూసుకుంది. నేను ఆమె ఉరుకుమన్నప్పుడల్లా ఉరికాను. తొమ్మిది కాస్తా నాలుగయ్యాయి. నాక్కూడా ఆట వచ్చేసిందనే నమ్మకం కలిగింది. అక్కడే కొంప మునిగింది.

మూడో ఓవర్ చివర ఆమె కొట్టిన బంతికి పరుగు రాలేదు. దాంతో తరవాతి ఓవర్‌కు నేను ఎదురు నిలబడాల్సొచ్చింది. బౌలర్ పిల్ల ఎక్కడో గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. టక్కుమని చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి బంతి నా బ్యాటుకు తగిలి పక్కకు దొర్లుతోంది! ఆ ఆనందంలో ఇంకేమీ ఆలోచించకుండా పరుగు లంకించుకున్నాను. బంతి దొర్లిన చోటే ఫీల్డరుంది. అవతలి కొసనుంచి చోటీ చెయ్యెత్తి గట్టిగా అరిచింది: "నక్కో! నక్కో!"

హైదరాబాదులో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు, 'నక్కో' అంటే 'వద్దు' అని. నేను వచ్చి నెల కాలేదు. మా తెనాలిలో నక్కడమంటే ఒంగి దాక్కోవడం. బంతేదో నా తలకేసి దూసుకొస్తోందని, పాపం ఆ పిల్ల నా ప్రాణం కాపాడటానికి అరుస్తోందని అనుకున్నాను. పిచ్ సరిగ్గా మధ్యలో గొంతుక్కూచుని, బ్యాటు నెత్తిన అడ్డం పెట్టుకుని, నక్కాను. ఎంత శ్రద్ధగా నక్కానంటే, కాసేపటికి నా ముందు రెండు బూట్లు కనిపించే దాకా తలెత్తలేదు. చోటీ తన చోటు వదిలేసి నా దాకా పరుగెత్తుకొచ్చి, జబ్బ పట్టుకుని లాగుతోంది. "ఏం చేస్తున్నవే? లెయ్! ఉరుకు!" అంది. "బంతి పోయిందా?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆమె జవాబు చెప్పేలోగా, ఆమె వదిలొచ్చిన వైపు వికెట్లను బౌలర్ పిల్ల, పూలు కోస్తున్నంత తీరిగ్గా పడగొట్టింది.

ఇద్దరం మధ్యలో ఉండేసరికి ఎవరు ఔటో అంపైర్‌గా నిలబడ్డ డ్రిల్లు మాస్టారికి అంతుపట్టలేదు. ఆయన బుర్ర గోక్కుంటుంటే, "నేనే సార్. అటు దగ్గర ఉన్నది నేనే" అని చోటీయే చెప్పేసి, బ్యాటు చంకలో పెట్టుకుని నడిచివెళ్ళిపోయింది. నలభై ఆరు పరుగులు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను చెట్టువైపు చూశాను. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. గొడుగూ లేదు, మేడమూ లేదు. నా నిర్వాకం చూసి విసుగెత్తి లేచి వెళ్ళిపోయిందనడంలో నాకు ఏ సందేహమూ కలగలేదు. ఒక దర్జీగారి అమ్మాయి జీవితాన్ని ఒక్క ఆదివారంలో నాశనం చేసి, షేర్ ఆటోలో ఇంటికెళ్ళి, "టెస్టు ఎలా రాశావే?" అని అమ్మ అడిగితే, "పోయింది" అని బావురుమన్నాను. (అమ్మ పాపం, "లెక్కలే కదే, ఏడవకు" అని పెరుగన్నం కలిపి పెట్టింది.)

ఆ తరవాత మూడు వారాలు నేను ఆ దుకాణం ఉన్న వీధి తొక్కలేదు. ఎస్.ఆర్. నగర్ సందుల్లోంచి చుట్టుతిరిగి స్కూలుకెళ్ళేదాన్ని. యూనిఫాం లేదని రోజూ టీచరు చేత తిట్లు తిన్నాను. రాత్రి పక్కమీద పడుకుంటే ఆ పిల్ల జన్మంతా స్టూలు మీద కూచుని హుక్కులు కుడుతూ ముసలిదైపోయినట్టు కనిపించేది. చివరికి అమ్మకే ఓపిక నశించింది. "ఏం మనిషే ఆ టైలరు! రెండు జతలు కుట్టడానికి ఇన్నాళ్ళా? పద, నేనడుగుతాను" అని చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది.

"అమ్మా, ఎన్నడో అయిపోయినయి. బేటీయే రాలే" అన్నాడాయన, మడతపెట్టిన బట్టలు బల్లమీద పెడుతూ. వెనక స్టూలు మీద చోటీ. చేతిలో సూది, ఒళ్ళో ఎవరిదో జాకెట్టు. సరిగ్గా నేను కలగన్నట్టే ఉంది. ఆ దృశ్యం చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు. "నావల్లే! మొత్తం నావల్లే అయింది! ఆ మేడం నన్ను చూసే వెళ్ళిపోయింది" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏ మేడమే? ఎక్కడికెళ్ళింది?" అంది అమ్మ.

"క్రికెట్ మేడం."

"క్రికెట్టా? నువ్వా?"

చోటీ సూది జాకెట్టుకు గుచ్చేసి నవ్వడం మొదలుపెట్టింది. "అరె పాగల్! ఆ మేడం నువ్వు ప్యాడ్లు కట్టుకోకముందే పోయింది. బస్సుకు టైమైతుందన్నది. సోమవారం నుంచి ఈ పిల్లను మా ప్రాక్టీసుకు పంపుండ్రి అని సార్‌కు చెప్పి మరీ పోయింది. నీ ఆట ఆమె చూడనే లేదు."

"చూడలేదా?"

"నీది ఎవ్వరు చూడలే. ఆ మేకలు సుత చూడలే."

గుండెల మీది బరువు దిగిపోయింది. నిజమే. కాని దిగిన మరుక్షణం, సత్యం చెప్పాలంటే, కొంచెం చిన్నతనంగా అనిపించింది. మూడు వారాలపాటు ఒక మహా పాపాన్ని భరిస్తున్నానని లోలోపల ఎంతో గొప్పగా ఏడుస్తుంటే, అసలు నేను ఆ కథలో లేనే లేనని తేలింది. అమ్మ ఒక క్షణం నన్నూ, ఆ పిల్లనూ మార్చి మార్చి చూసింది. వీపుమీద ఒక్కటి వేసింది. "ఇది క్రికెట్ ఆడినందుకు కాదు, లెక్కలని చెప్పినందుకు" అంది. "ఆంటీ, ఆదివారం మళ్ళ పంపిస్తరా? ఇంకా పదిమందే ఉన్నరు" అని చోటీ అడిగితే, అమ్మ, "పంపిస్తానమ్మా. కాని దీన్ని పరుగెత్తించకండి" అంది.

అలా నేను స్కోరు రాసేదాన్నయ్యాను. రెండేళ్ళు ఆ పని చేశాను. చోటీ కొట్టిన ప్రతి పరుగూ గుండ్రటి అక్షరాలతో నోటుబుక్కులో రాసుకున్నాను. తరవాత ఆమె జనరల్ బోగీల్లో, కిట్‌బ్యాగు తలకింద పెట్టుకుని ఊరూరూ తిరిగింది. నేను అమీర్‌పేటలో అందరిలాగే ఒక కంప్యూటర్ కోర్సు చేసి, పంజగుట్టలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. ఆమె భారత జట్టులోకి వెళ్ళిందన్న సంగతి పేపర్లో ఆటల పేజీ అడుగున రెండే వాక్యాల్లో వచ్చింది. అందులో ఒక వాక్యంలో ఇంటిపేరు తప్పు. కెప్టెన్ అయినప్పుడు నాలుగు వాక్యాలు వేశారు. పెద్ద ఫైనల్లో ఓడిపోయిన రోజు మాత్రం మొదటి పేజీకెక్కింది. మన దేశంలో ఆడవాళ్ళ ఆట జనం కళ్ళబడటానికి ఒక ఓటమి కావాల్సొచ్చింది. ఆ మర్నాడు మా ఆఫీసులో అందరూ ఆమె గురించే మాట్లాడుతుంటే, "ఈవిణ్ణి నేను రనౌట్ చేశాను" అన్నాను. "అట్లనే మేడం, మా బావ ప్రధానమంత్రితో గోలీలాడిండు" అన్నాడు మా ప్యూన్ భాయ్. ఆ తరవాత ఒకసారి పండక్కి ఊరొచ్చినప్పుడు చోటీ దుకాణం దగ్గర కలిసింది. చుట్టూ సెల్ఫీలవాళ్ళు. ఆ సందడిలోనే "నా స్కోరు బుక్కు దాచినవా?" అని అడిగింది. ఇల్లు మారినప్పుడు అమ్మ పాతపేపర్లవాడికి వేసేసిందని చెప్పడానికి నోరు రాలేదు. ఉందన్నాను. ఆ అబద్ధమూ సునాయాసంగానే వచ్చింది.

మొన్నామధ్య మిక్సీ కొందామని పంజగుట్టలో ఒక షోరూమ్‌కి వెళ్ళాను. గోడనిండా టీవీలు, అన్నిట్లోనూ చోటీ. ఆమె ఆఖరి మ్యాచ్. హాస్టల్ కుర్రాళ్ళు, సేల్స్‌వాళ్ళు, పిల్లనెత్తుకున్న ఒక తండ్రి, అంతా గుమిగూడి చూస్తున్నారు. స్టేడియంలో ఇసుక వేస్తే రాలనంత జనం. నా పక్కనున్న కుర్రాడితో ఉండబట్టలేక, "మేమిద్దరం ఒకే టీములో ఆడాం బాబూ" అన్నాను. అతను తెరమీంచి కళ్ళు తిప్పకుండా, "సూపర్ ఆంటీ. జర ఇట్ల జరగండి, కనిపిస్తలేదు" అన్నాడు.

జరిగాను. చోటీ ఔటై, హెల్మెట్ తీసి, పెవిలియన్ మెట్లవైపు నడిచివస్తోంది. చెవుల పైన వెంట్రుకలు తెల్లబడ్డాయి. అన్ని టీవీల్లోనూ పెద్దగా చూపిస్తున్నా ఆమె దాచుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు. పోయిన వారమే రంగు వేయించుకున్న నా జుట్టును నేను ఊరికే ఒకసారి సవరించుకుని, నాలో నేనే నవ్వుకున్నాను. "మేడం, మిక్సీ ప్యాక్ చెయ్యాల్నా?" అని వెనకనుంచి సేల్స్ అమ్మాయి అడిగింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను. "ఆవిడ ఇంకా మెట్లెక్కలేదు."