సార్ మా ఇంట్లో తాగిన నీళ్లు

ఉప్పు లేకుండా ఉడికిన సొరకాయకు ఒక వాసన ఉంటుంది. వానకు తడిసిన సున్నపు గోడ వాసన లాంటిది, ఆకలిని ఏ మాత్రం పిలవని వాసన. పోయిన ఆదివారం మణికొండలో మా అపార్ట్‌మెంటు వాళ్లందరం మేడ మీద భోజనాలు పెట్టుకున్నాం. బిర్యానీ గిన్నెల పక్కన కూర్చుని పై అంతస్తు అమ్మాయి తన డబ్బా మూత తీసింది. "డైట్‌లో ఉన్నానాంటీ" అంది. ఆ ఒక్క మాటతో అందరూ తృప్తి పడి ఎవరి విస్తరిలోకి వాళ్లు వంగారు. నా చేతిలో ముద్ద మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ మాట ఇంత తేలిగ్గా చెల్లని రోజుల్లో, ఇదే వాసన వేసే డబ్బాను రోజూ మా మధ్య విప్పిన మనిషి ఒకరుండేవారు. ఆయన పేరు సుబ్రహ్మణ్యంగారు. మేం సార్ అనేవాళ్లం. నేనివాళ పత్రికల్లో నాలుగు వ్యాసాలు రాస్తున్నానంటే, వాటిని చదివి కొందరు మండిపడుతున్నారంటే, ఆ నిప్పు ఆయన పెట్టిందే. ఇప్పటికీ తేలని ఒక చిక్కులో నన్ను వదిలి వెళ్లిందీ ఆయనే.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అద్దాల టవరు కొత్తగా లేచింది. చుట్టూ ఇంకా బండరాళ్లు పేలుస్తూనే ఉన్నారు. ఆ టవరుకు కూతవేటు దూరంలో ఒక కిరాయి మేడలో మా కంపెనీ. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని టైపు చేయడం మా పని. బండ పేల్చే ముందు బయట ఈల వినిపించేది. హెడ్‌ఫోన్లు తీసి, చప్పుడు అయ్యేదాకా ఆగి, మళ్లీ ఎవరో తెలియని రోగి గుండెలోకో కాలేయంలోకో దిగేవాళ్లం. మేం టైపు చేసినవన్నీ దిద్దేది సార్. కోస్తాలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై వచ్చారు. పేరు చివరి కులం తోకను యౌవనంలోనే కత్తిరించుకున్నారు. యాసకు మాత్రం కత్తెర పడదు కదా. ఆయన నోరు విప్పగానే ఏ ఇంట పుట్టారో అందరికీ తెలిసిపోయేది.

మధ్యాహ్నం అందరి డబ్బాలూ మధ్యలో పెట్టి చుట్టూ కూర్చునేవాళ్లం. ప్రతి డబ్బాలోంచీ సార్ ఒక ముద్ద తినాల్సిందే. నా పక్క సీట్లో టైపు చేసే యాదగిరి తెచ్చిన బోటీ కూర, నా జొన్నరొట్టె, అన్నీ. యౌవనంలో ఒకసారి అన్ని కులాలవాళ్ల సహపంక్తి భోజనంలో కూర్చుని వస్తే, తండ్రి ఆయన్ను వసారాలో వేరే విస్తరి ముందు కూర్చోమన్నాడట. ఆయన ఆ వసారా దిగి మళ్లీ ఎక్కలేదు. మనిషి సిద్ధాంతం నోట్లోంచి బయటికొచ్చే మాటల్లో ఉండదని, నోట్లోకి పోయే ముద్దలో ఉంటుందని అనేవారు. తిన్నాక చర్చ. ఒకే నియమం: ఎదుటివాడి పక్షాన్ని వాడికంటే బాగా వాదించి చూపాకే నీ పక్షం చెప్పుకోవాలి. దేవుడు లేడని రోజూ గొంతు చించుకునే నా చేత ఒకరోజు ఉన్నాడని వాదింపజేశారు. బోరబండ నుంచి, ఊళ్లో ఎవరూ గడప దాటనివ్వని కులం నుంచి వచ్చిన పిల్లను నేను. నా మాటకు మాటతోనే జవాబివ్వాలని పట్టుబట్టిన మొదటి మనిషి ఆయన.

అలాంటి మనిషి ఒక సోమవారం తన డబ్బా తనే విప్పుకుని, చప్పిడి అన్నం, ఉడికిన సొరకాయ తిని, మూత పెట్టేసుకున్నారు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. నీళ్ల సీసా కూడా చిన్నది, వేరేది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వయసు మీద పడితే పుట్టుక బయటపడుతుందని గుసగుసలు మొదలయ్యాయి. యాదగిరి గుసగుసల మనిషి కాదు. ముఖం మీదే అడిగాడు.

"ఏంది సార్, ఇగ మా డబ్బాలు పడుతలేవా? ఇంట్ల మడి కట్టుమన్నరా?"

సార్ నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. సాయంత్రం ఆయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరే నిలబడి కారణం అడిగాను.

"కిడ్నీలు పోతున్నాయమ్మా. ఉప్పు మానాలి, పప్పూ మాంసం తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి. నువ్వు రోజూ టైపు చేసేదే."

నా కోపం దిగిపోయింది, కానీ అయోమయం ఎక్కువైంది. ఆ మాటేదో అందరికీ చెప్పేస్తే సరిపోయేది కదా అన్నాను.

"ఏమని చెప్పను? ఒంట్లో బాగోలేదనా? మా నాన్న అదే అనేవాడు. బయట ఎవరైనా మంచినీళ్లిస్తే కడుపులో వికారంగా ఉందనేవాడు. మడి అని ఒకడు, వ్రతమని ఒకడు, వైద్యుడు వద్దన్నాడని ఇంకొకడు. ఈ దేశంలో సాటిమనిషి నీళ్లు ముట్టనివాడు ఎవడూ కారణం లేకుండా లేడు. అవన్నీ సాకులని నేనే వేదికలెక్కి అరిచాను. ఇప్పుడు నాదొక్కటే నిజమని వాళ్లనెలా నమ్మమంటావు?"

సాకుకు రుజువుండదు, కారణానికి ఉంటుంది, పరీక్ష రిపోర్టు చూపించండి అన్నాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. చూపిస్తే యాదగిరి నమ్మి తీరాలని, నమ్మకపోవడానికి అతనికి తరతరాల అనుభవం ఉందని, ఒక కాగితంతో దాని నోరు మూయించడం తనకు ఇష్టం లేదని చెప్పారు. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని నాకు నేర్పిన మనిషి చేతిలో ఉన్న రుజువును దాచుకుంటున్నారు. అది సంస్కారమో, అహంకారమో నాకు అర్థం కాలేదు. తార్కికంగా అది తప్పని మాత్రం గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది.

అసలు కష్టం ఆషాఢంలో వచ్చింది. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది సారే. ఆయన్ను ఒక్కసారి ఇంటికి పిలవాలని అమ్మ ఏడాదిగా అంటోంది. బోనాల దావత్‌కు రమ్మని నేను అప్పటికే సార్‌ను పిలిచి ఉన్నాను. అమ్మవారితో నాకు పని లేదు గానీ అమ్మతో ఉంటుందిగా అని ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడేం చేయాలి? ముందే చెప్పి ఉంచడం మంచిదనుకుని, సార్‌కు ఒంట్లో బాగాలేదనీ, మన కూరలు తినలేరనీ అమ్మతో అన్నాను. అమ్మ మసాలా నూరుతూ చెయ్యి ఆపలేదు.

"మీ నాయన పనిచేసిన ఫ్యాక్టరీల గూడ ఒక సారుండె. మేమేమిచ్చినా కడుపుల బాగలేదనేటోడు. వాళ్లోళ్ల పెండ్లిళ్లైతే మంచిగ తినేటోడు. ఆడ కడుపు బాగయ్యేదేమో."

మర్నాడు సార్ గదికి వెళ్లి, మా ఇంటికి రావద్దని చెప్పేశాను. ఆయన నొచ్చుకోలేదు. మీ అమ్మ పక్షం నువ్వు వాదించు, వింటాను అన్నారు. నేను మొదలుపెట్టాను. అమ్మ పనిచేసిన ఇళ్లలో గోడ అవతల బోర్లించి ఉంచే సత్తు గ్లాసు గురించి చెప్పాను. పైనుంచి దోసిట్లోకి పోసిన నీళ్ల గురించి చెప్పాను. ప్రేమగానే మాట్లాడి, ప్రేమగానే వద్దన్న వాళ్ల గురించి చెప్పాను. ఒక్క గ్లాసు నీళ్లు కాదన్న మనిషిని మళ్లీ నమ్మడమంటే అమ్మకు తన కళ్లను తానే కాదనుకోవడమని చెప్పాను. చెబుతూ చెబుతూ నేను ఏ పక్షమో మర్చిపోయాను.

"గెలిచావు. ఆదివారం వస్తున్నాను" అన్నారు సార్.

వచ్చారు. ఎండా వానా కలిసిన ఉక్కపోత. గుమ్మంలో చిన్నాయన కుర్చీ వేసుకుని కాళ్లు చాపి కూర్చున్నాడు, చూద్దామన్నట్టు. అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, ఆ తర్వాత స్టీలు గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చింది. సార్ పెదవులు తెల్లగా ఎండిపోయి ఉండటం అప్పుడు చూశాను. రెండు చేతులతో గ్లాసందుకుని గటగటా తాగారు. ఇంకో గ్లాసు అడిగారు. అదీ తాగారు. మూడోది అమ్మ నింపుతుంటే ఉండబట్టలేక "సార్, చాలు" అన్నాను. చిన్నాయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కూతురే వద్దంటోందా అన్నట్టుంది.

సార్ అమ్మ వైపే తిరిగి మెల్లగా చెప్పారు. "నాకు కిడ్నీల జబ్బమ్మా. రోజుకింతని నీళ్లు తాగాలి. ఇవాల్టి నీళ్లన్నీ మీ ఇంట్లో తాగుదామని పొద్దుట్నించీ ముట్టుకోలేదు."

అమ్మ మూడో గ్లాసు ఆయన చేతిలో పెట్టింది, అంతే. పంక్తిలో ఆయన చిన్నాయన పక్కన కూర్చుని వట్టి అన్నం తిన్నారు. తలకాయ కూర గరిటె పట్టుకుని అమ్మ విస్తరి ముందు వంగి, జర ఒక్క ముక్క, అంది. సార్ చేతులు జోడించారు. గరిటె గిన్నెలోకి వెనక్కిపోయిన చప్పుడు ఆ గదిలో అందరికీ వినిపించింది.

బస్సు స్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్తూ నేను ఊరుకోలేదు. పొద్దుటి నుంచి గొంతు ఎండబెట్టుకుని వచ్చి మా ఇంట్లో నీళ్లు తాగడాన్ని ఏమంటారు సార్, ఉపవాసం కాదా? మా అమ్మ ఇచ్చింది తీర్థమా? ఒక్కసారిగా అన్ని నీళ్లు తాగడం ప్రమాదమని మనం టైపు చేయలేదా? తార్కికుడు చేయవలసిన పనేనా ఇది? ఇలా వరుసగా అడిగేశాను. ఆయన తడుముకోకుండా జవాబిచ్చే మనిషి. ఆ రోజు మాత్రం కొంతదూరం నడిచాక అన్నారు.

"నాకూ తెలియడం లేదమ్మా. మా నాన్న ఏకాదశికి ఇలాగే ఉండేవాడు. ఆయన్ను కాదని మానేసినదంతా ఈ దారిన వెనక్కొచ్చిందేమో."

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి చిన్నాయన, నీళ్లు తాగుడు గూడ చూపిచ్చుకునుడే అంటున్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతూ "నీళ్లయితే తాగిండు" అంది. కూర గిన్నె మీద మూత పెడుతూ "కూర ముట్టలే" అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. ఏది తీర్పో ఏది ఫిర్యాదో ఆ గొంతులో నాకు దొరకలేదు. నమ్మినవా అమ్మా అని అడిగితే, పొద్దుగాల డ్యూటీ లేదా, పడుకో అంది.

తర్వాతి ఎండాకాలానికి సార్ ఉద్యోగం మానేశారు. వారానికి కొన్నిసార్లు ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటున్నారని తెలిసింది. ఆయన్ను ఇంట్లో చూడటానికి బయల్దేరుతుంటే, అడగకుండానే అమ్మ చీర మార్చుకుని నా వెంట వచ్చింది. కూకట్‌పల్లిలో బస్సు దిగి నీడ లేని రోడ్డు మీద చాలాదూరం నడిచాం. సార్ మంచం మీద సగానికి సగమై ఉన్నారు. కాళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆయన భార్య లలితగారు నొచ్చుకోకుండా, తొట్రుపడకుండా రెండు గ్లాసుల్లో చల్లని నీళ్లు తెచ్చారు. ఇంట్లో అందరూ తాగే గ్లాసులే. నాలుక పిడచకట్టుకుపోయి ఉన్న నేను ఒక్క గుక్కలో తాగేశాను. అమ్మ మాత్రం గ్లాసును చేత్తో అలా పక్కకు జరిపింది.

"నాకొద్దమ్మా."

"ఎండన పడొచ్చారు, కొంచెం పుచ్చుకోండి. మా ఇంట్లో తాగడానికి మీకేమైనా అభ్యంతరమాండీ?" అన్నారు లలితగారు. ఆమె నిజంగానే బాధపడ్డారు. సార్ మంచం మీంచి చెయ్యెత్తారు.

"బలవంతం చేయకు లలితా. కారణం అడక్కు."

అని అమ్మ వైపు చూసి నవ్వారు. అమ్మ కూడా నవ్వినట్టే అనిపించింది. ఆ ఇద్దరికీ మధ్య ఏదో జరిగింది. అక్కడే ఉండి, రెండు కళ్లతో చూసి, నేను దాన్ని పట్టుకోలేకపోయాను. నీళ్లకు మొహం వాచిపోయిన మనిషి ఎదురుగా తాగడం ఎందుకని అమ్మ ఆగిందా? అలాగైతే నాకు లేని మర్యాద ఆమెకుంది. లేక, జీవితమంతా అటువైపు నుంచి విన్న "వద్దు"ను ఒక్కసారి తన నోటితో అని చూసుకుందా? అలాగైతే, దాన్నీ తప్పు పట్టగల నోరు నాకు లేదు. ఆ వానాకాలంలోనే సార్ పోయారు. ఆయన ఏమనుకున్నారో తెలియదు.

కొన్నేళ్లకు ధైర్యం చేసి అమ్మనే అడిగాను. ఆ రోజు వాళ్లింట్లో నీళ్లెందుకు తాగలేదని.

"దూప కాలే, తాగలే. అన్నిటికి ఎనక ఏందో ఉన్నదంటవు నువ్వు."

ఆ ఎండలో అంతదూరం నడిచి దాహం వేయలేదట. నేను నమ్మలేదు. రిపోర్టు చూపించమని అడగడానికి అక్కడ ఏ కాగితమూ లేదు. సార్ నేర్పిన పద్ధతిలో ఆ రెండు పక్షాలనూ ఇప్పటికీ నాలో నేనే వాదిస్తుంటాను. ఒకరోజు దయ గెలుస్తుంది. ఒకరోజు పౌరుషం గెలుస్తుంది. రాతలో నేను ఎవరినీ కారణం అడక్కుండా వదలను. పీఠాల్నీ పంతుళ్లనీ నడిబజారులో నిలబెట్టి అడుగుతాను. మా ఇంటికొచ్చిన వాళ్లు మాత్రం నీళ్లు వద్దంటే, ఎందుకన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోతాను.