ముప్పావు సెకను

గని లోపల పనిచేసేవాళ్లు నడుముకు కట్టుకునే అలారం సెట్లను తయారుచేసింది ఆయనే. పైన మీట నొక్కితే లోపలున్న ప్రతి మనిషి నడుము దగ్గరా అది మోగుతుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని రేడియోగారు అనేవారు. అక్కడే సెట్లు పరీక్షించే గదిలో పనిచేసే ఆయన అన్నగారి కూతురు మాత్రం బాబాయ్ అనేది. టంకం పెట్టడం దగ్గర్నుంచి ఆమెకు పనంతా నేర్పింది ఆయనే.

ఆ ఏడు అన్ని గనులకూ ఒకే వైర్‌లెస్ ప్రమాణం వచ్చింది. పాత సెట్లు దానికి ఒదుగుతాయో లేదో తేల్చమని ఆమెకు అప్పగించారు.

"లోపలి ప్రోగ్రాం మారిస్తే చాలమ్మా, సెట్టు విప్పక్కర్లేదు," అన్నాడు రేడియోగారు. మార్చి ఇచ్చాడు కూడా. అలారం అర సెకనులోపు చేరాలన్నది కొత్త నియమం. ఆమె మూడు రోజులు కొలిచింది. ప్రతిసారీ పావు సెకనే.

మేనేజరు ఆమెను పిలిచి తలుపు వేశాడు. "బయటి కంపెనీ సెట్లు కొనడం ఖాయమైపోయింది. కుదరదని రిపోర్టు కావాలి."

"కుదురుతోంది సార్."

"మీ బాబాయి కుర్చీలో రేపు ఎవరు కూర్చోవాలో కూడా నేనే చూడాలిగా."

ఆమె రిపోర్టులో పావును ముప్పావు చేసింది.

రేడియోగారు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆమె మీద అనుమానమే రాలేదు. అందరి ముందూ లేచి, "తప్పు నాదే. మా అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది," అన్నాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. నెల తిరక్కుండా ఆయన్ని ఇంటికి పంపి, ఆ కుర్చీ ఆమెకిచ్చారు.

ఆయన భోజనాల బల్లమీద సెట్లు విప్పి పెట్టుకుని ఆ తప్పు కోసం వెతికాడు. పిన్ని కంచం ఒళ్లో పెట్టుకుని తినేది. నాలుగు నెలలకు ఆయన అన్న కూతుర్ని పిలిపించాడు.

"ఎన్నిసార్లు కొలిచినా నాకు పావే వస్తోందమ్మా. నువ్వొకసారి చూడు."

ఆమె మీటరు తనవైపు తిప్పుకుని కొలిచింది. "ముప్పావే బాబాయ్. మీ చూపు తగ్గినట్టుంది."

ఆయన మీటరు ఆపేశాడు. "ఆరేళ్ల కిందట గనిలోకి నీళ్లొచ్చి ఇద్దరు పోయారు కదా. అప్పుడు కూడా ఇది ఆలస్యంగానే మోగి ఉంటుందా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది.

"చెప్పలేం," అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ ఇద్దరిలో ఒకడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తలుపు తీసిన తల్లితో, "మీ అబ్బాయి నావల్లే పోయాడమ్మా," అన్నాడు. ఆ తల్లి ఆయన చెంప మీద కొట్టింది. ఆయన తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె మళ్లీ కొట్టింది.