మా అత్తమ్మ చూసిన హాకీ ఆట

మొన్న సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ టీవీలో ఆడవాళ్ళ ప్రపంచ కప్పు హాకీ చూస్తున్నాను. నీలం రంగు కృత్రిమ గడ్డి టర్ఫు మీద నీళ్ళు చల్లి మరీ ఆడుతున్నారు. బంతి కాలికి తగిలిందో లేదో తేల్చమని ఒక అమ్మాయి అడిగితే అంపైరు ఆట ఆపి వీడియో వేయించింది. మా రోజుల్లో అంపైరు ఈల వేస్తే అదే తీర్పు. ఇప్పుడు పావుగంట చొప్పున నాలుగు విడతలు. మేము ముప్ఫై ఐదు నిమిషాల చొప్పున రెండు సార్లు, గడ్డిలో, గుంటల్లో పరుగెత్తేవాళ్ళం. ఒలింపిక్స్‌లో చాలాకాలం ఆడవాళ్ళ హాకీకి చోటే లేదు. మన జట్టు పై దేశంలో గెలిచినా ఆ వార్త పేపరు చివరి పేజీలో, బియ్యం ధరల పక్కన వెతుక్కోవాల్సిందే. అవన్నీ తలుచుకుంటుంటే మా అత్తమ్మ గుర్తొచ్చింది.

మా పుట్టినూరు కోట. బళ్ళో డ్రిల్లు టీచరమ్మ నా చేతికి హాకీ కర్ర ఇచ్చిన నాటి నుంచి నాకు హాకీ పిచ్చి. ఇరవయ్యో ఏట విడవలూరులో వ్యవసాయం చేసుకునే ఇంటికి కోడలిగా వచ్చి, ఆ కర్రను ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దాచేశాను. నెల తిరగకుండానే టీచరమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. గుంటూరులో రాష్ట్ర జట్టు ఎంపిక. అందులో నెగ్గితే జాతీయ పోటీలు, అక్కడ మెరిస్తే పై దేశాలకు వెళ్ళే జట్టు. అత్తమ్మకు చదువు రాదు. ఏముందని అడిగితే, "ఏం లేదు అత్తమ్మా, ఊరికే" అన్నాను.

"ఏం లేకపోతే అన్నిసార్లు ఎందుకు చదివినావు?"

చెప్పక తప్పలేదు. అంతా విని, "పోదాం పద, నేనూ వస్తా" అంది. మా ఆయన నోరు తెరిచేలోపే, "నువ్వు గొడ్లు చూసుకో నాయనా" అని ఆ సంగతి తేల్చేసింది.

గుంటూరులో అంపైరమ్మ నా మెడ చూసి, ఆటలో దెబ్బ తగులుతుందని తాళి తీసేసి రమ్మంది. తీయడానికి నాకు మనసొప్పలేదు. అత్తమ్మ తన చీర చెంగు పీలిక చింపి, తాళి చుట్టూ మెత్తగా చుట్టి, బనీను లోపలికి పిన్నీసుతో కుట్టేసినట్టు పెట్టింది. "ఇంక కదలదు తల్లీ, ఆడనియ్యి" అని అంపైరమ్మతో చెప్పింది. ఆవిడ నవ్వి సరేనంది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. అయినా జాబితాలో నా పేరు రాలేదు. నాకన్నా వేగంగా పరుగెత్తే పిల్ల ఒకతె ఉంది, న్యాయంగానే.

రైల్లో ఏడుస్తుంటే అత్తమ్మ పెరుగన్నం ముద్ద నోటికందించి, "ఓడిపోతే పోయినావులే. ఎంత బాగా పరిగెత్తినావు! చూసిన నాకే కడుపు నిండింది" అంది.

ఆ ఏడు కోతలయ్యాక కళ్లాన్ని చదును చేయించి, ఊళ్ళో ఆడపిల్లలకు నేర్పమంది. స్కర్టులేమిటని గొణిగిన వాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఆ కళ్లంలో నేర్చుకున్న పిల్లల్లో ఒకతె రాష్ట్ర జట్టుకు ఆడింది. ఆ కబురు విన్న రోజు అత్తమ్మ వీధంతా బెల్లం పంచింది.

నేను ఆడలేకపోయిన మైదానాల్లో ఇప్పుడీ పిల్లలు ఆడుతుంటే నాకు అసూయ కలగదు. మంచి కాలం మా దాకా రావడానికి ఆలస్యమైంది, నిజమే. కానీ అది వచ్చేదాకా ఆగలేక ఎదురెళ్ళి పిలుచుకొచ్చిన మనిషి మా ఇంట్లోనే ఉండేది.